ఎడమ సీటు

చంద్రరావు టొరానా కారు షెడ్డుకి వస్తోందంటే యర్రయ్య చేతిలో ఏ పని ఉన్నా కింద పెట్టేస్తాడు. ఆ శనివారం పొద్దున ఏదో టాక్సీ బ్రేకులు విప్పుకుని కూర్చున్నాడు. సందు మలుపులో ఆరు సిలిండర్ల గొంతు వినబడేసరికి లేచి, మసి చేతులు గుడ్డకి తుడుచుకుని, ఎగ్గట్టిన లుంగీ దించుకుని, పెళ్లివారికి ఎదురెళ్లినట్టు గేటు దాకా నడిచాడు. తాకేటా పేటలో మెకానిక్కులు వీధికి ముగ్గురున్నారు గానీ, కారుని చూసి లుంగీ దించేవాడు ఇతనొక్కడే.

పసుపు రంగు కారు. డెబ్బయి నాలుగులో ఆస్ట్రేలియాలో పుట్టి, ఓడెక్కి వచ్చి, రంగూన్‌లోనే ముసలిదైంది. నడుపుకుంటూ వచ్చినవాడు చంద్రరావు కొడుకు సత్యప్రసాద్. రేవులో సరుకు విడిపించే కంపెనీలో పనిచేస్తాడు. వాడి పక్కన ఎడమ సీట్లో ఆఫీసు గుమస్తా ఒకాయన కూర్చుని, మెడ బయటికి చాపి, ప్రాణాలు బిగబట్టుకుని ఉన్నాడు. బండి ఆగగానే దిగి, ఒక దండం పెట్టి, బస్సెక్కడ దొరుకుతుందని అడిగి వెళ్లిపోయాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఈ ఊళ్లో బళ్లు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. పాతకార్లకి స్టీరింగు కూడా కుడిపక్కనే ఉంటుంది. ముందర బస్సుందంటే డ్రైవరుకి దాని వీపు తప్ప ఇంకేమీ కనబడదు. ఎదర ఏమొస్తోందో చూసి చెప్పాల్సింది ఎడమ సీట్లో మనిషే. ఆ మనిషి వెళ్లమంటే వెళ్లాలి, ఆగమంటే ఆగాలి. అంచేత పాతకారు ఉన్నవాడికి పెట్రోలెంత ముఖ్యమో పక్కన కన్నున్న మనిషీ అంతే ముఖ్యం.

"సిన్నాన్నా, పై ఆదివారం నాటికి స్టీరింగు ఎడమకి మార్చీయాల," అన్నాడు సత్యప్రసాద్.

యర్రయ్య నవ్వాడు. "ఇంకేటి మార్చమంతావు? సక్రాలు మీదికెట్టీమంతావా?"

"నవ్వులాటకి కాదు." సత్యప్రసాద్ డిక్కీ ఎత్తాడు. లోపల గోనెపట్టా మీద ఏదో జపాన్ కారునించి విప్పిన ఎడమచేతి స్టీరింగు సామాను, మూడు పెడళ్లు, ఇనప కడ్డీలు. అన్నీ కొనుక్కునే వచ్చాడన్నమాట. యర్రయ్య నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది.

"ఏల మార్చడం?"

"ఇప్పుడొచ్చే బళ్లన్నీ ఎడమే గద. పక్కన మనిసి నేకపోతే ఇది గేటు దాటదు. రోజూ ఎవల్ని బతిమాలుకుంతాం?"

"మీ అమ్మ ఉంది గదరా! రంగూన్ మొత్తం మీద శ్యామలొదినంత కన్ను ఎవలికీ నేదు. మీ నాన్న నలబయ్యేళ్లు ఆ కన్ను మీదే నడిపినాడు."

"అదే గద సిన్నాన్నా గొడవ," అంటూండగానే సత్యప్రసాద్ జేబులో ఫోను మోగింది. బర్మా భాషలో ఎవరికో సరుకు లెక్క చెబుతూ సందు చివరికంటా నడిచి, అక్కణ్నించే చెయ్యూపి, టాక్సీ ఎక్కేశాడు.

యర్రయ్య డిక్కీ మూసి, బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది. పై ఆదివారం అంటే అక్టోబరులో మొదటి ఆదివారం, అంటే పందెం రోజు. కుర్రకుంక ఆ సంగతి కూడా మర్చిపోయాడని వాడిమీద కోపం వచ్చింది.

*

మర్నాటి ఆదివారం గడిచింది. సోమవారం పొద్దున యర్రయ్య డాష్‌బోర్డు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క స్క్రూ తీసి పాల డబ్బాలో వేస్తాడు. వేసి, అది ఎక్కడిదో గుర్తుండడానికి డబ్బా మీద సుద్దతో గుర్తు పెడతాడు. గంటకి నాలుగు స్క్రూలు వచ్చాయి. పెళ్లాం సింహాచలమ్మ షెడ్డు ముందర పకోడీల బండికి ఉల్లిపాయలు తరుక్కుంటూ ఇదంతా చూస్తోంది.

"కరెంటొచ్చి రెండు గంటలయింది మావా. కోత మిసను తియ్యవా?"

"బ్లేడు బాగు నేదు."

"నిన్ననే గద కొత్తది తెచ్చినావు."

"అది దీనికి పనికిరాదు."

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, మధ్యాహ్నానికి బ్లేడు, సాయంత్రానికి నడుం, మర్నాటికి వాన. మెరుగైన వంకలు కూడా దొరకలేదు పాపం.

ఇంజనుకీ కూర్చునే చోటుకీ మధ్యన ఒక రేకు ఉంటుంది. స్టీరింగు మార్చాలంటే ఆ రేకుకి ఎడమపక్కన కొత్త కన్నం కొయ్యాలి, కుడిపక్క కన్నం మూసెయ్యాలి. యర్రయ్య సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాడు. కాసేపు చూసి గుడ్డతో చెరిపాడు. మళ్లీ అర అంగుళం కిందకి గీశాడు. అదీ చెరిపి, తలుపు తీసి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

ఏటేటా అక్టోబరు మొదటి ఆదివారం ఈ కారు ఇదే షెడ్డులో నిలబడి వెయ్యి కిలోమీటర్లు పరిగెట్టేది. టొరానాని అమ్మేసి వెళ్లిపోయిన ఆస్ట్రేలియా ఇంజనీరు, దాంతోపాటు కార్ల పత్రికలు పదకొండు కూడా ఇచ్చాడు. అన్నీ డెబ్బయిల్లో ఆ దేశంలో బాథర్స్ట్ కొండ మీద జరిగిన వెయ్యి కిలోమీటర్ల కార్ల పందేలవే. పొద్దున్న ఏడింటికి చంద్రరావు స్టీరింగు పట్టుకుని, పత్రిక దానికి ఆనించి, ఇంగ్లీషు చదువుతూ తెలుగు చెప్పేవాడు. యర్రయ్య ఎడమ సీట్లో కూర్చుని చుట్లు లెక్కపెట్టేవాడు. కొండ ఎక్కేటప్పుడు ఇద్దరూ ముందుకి వంగేవారు, దిగేటప్పుడు వెనక్కి ఆనేవారు. మధ్యాహ్నం టైర్లు మార్చే వేళకి దిగి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, సీట్లు మారేవారు. నూట అరవై మూడో చుట్టు అయ్యేదాకా ఇంజను మాత్రం ఒక్కసారి కూడా స్టార్టు చేసేవారు కాదు. పెట్రోలు దండగ కదా.

యర్రయ్యకి చదువు రాదు. రాకపోతేనేం, డెబ్బయి నాలుగులో వానలో ఏ కారు ఎక్కడ జారిందో, డెబ్బయి ఏడులో ఒకే జట్టు ఫోర్డులు రెండూ పక్కపక్కనే గీత ఎలా దాటాయో కంటితో చూసినట్టు చెబుతాడు. కంటితో చూసింది మాత్రం పొరుగింటి గోడొక్కటే. చంద్రరావు పోయి పదకొండు నెలలయింది. ఇది అతను లేని మొదటి పందెం.

"ఈ యేడు ఏ పందెం?" అంది సింహాచలమ్మ తలుపు దగ్గరకొచ్చి. ఆవిడ గొంతులో వేళాకోళం లేదు.

"డెబ్బయి తొమ్మిది. టొరానా ఆరు సుట్ల తేడాతో గెలిసింది. అన్నకది బలే ఇష్టం."

"ఎవలు సదువుతారు?"

"సదవక్కర్నేదు. నాకు నోటికొచ్చు." యర్రయ్య స్టీరింగు వైపు చూశాడు. "గానీ కుడిపక్క సక్రం నేకపోతే అది టొరానాయే కాదే. ఏదో టాక్సీ బండి. అన్న కూకున్న సోటు కోసీమంతన్నాడాడు. నా సేత్తోనే కోసీమంతన్నాడు."

సింహాచలమ్మకి ఈ పందేలంటే పడదు. నలభయ్యేళ్లపాటు కదలని కారుకి ఉప్మాలు మోసింది మరి. కానీ మొగుడి మొహం చూసి జాలేసింది.

"ఐతే సుద్దముక్క అరగదీసుకుంటా కూకోక, ఎల్లి శ్యామలొదినతో సెప్పు. కన్నతల్లి మాట కాదంటాడేటి? నడు, నానూ వస్తాను."

యర్రయ్యకి ఆ ఆలోచన మొదటే ఎందుకు రాలేదో తెలియలేదు. గబగబా చేతులు కడుక్కున్నాడు.

*

మంగళవారం నాలుగింటికి ఇద్దరూ బస్సులో వాగు దాటి పజుండౌంగ్ వెళ్లారు. శ్యామలాదేవి ఉండేది మూడో అంతస్తు. బాల్కనీ నుంచి కిందకి వేలాడే తాడు లాగితే పైన గంట మోగింది. ఆవిడ తొంగిచూసి, తాడుకి తాళంచెవి తగిలించి వదిలింది.

పైకి వెళ్లేసరికి టీలు పోసి ఉంచింది. అరవయ్యయిదేళ్ల మనిషి, పొట్టైనా చువ్వలా ఉంటుంది. బొట్టు బిళ్ల మానలేదు, కళ్లజోడు ఇంకా పెట్టలేదు. యర్రయ్య టీ చల్లారేదాకా ఉపోద్ఘాతం చెప్పాడు. కారు గురించి, అన్న గురించి, నట్లు కూడా అన్న చెయ్యి గుర్తుపడతాయనీ, ఈ కాలం పిల్లలకి పాతవస్తువంటే విలువ లేదనీ.

"నువ్వొక్క మాట సెప్పు వదినా. ఆడాగిపోతాడు."

శ్యామలాదేవి గ్లాసు కింద పెట్టింది. "ఆణ్నేల అంతావు? మార్చమన్నది నాను."

యర్రయ్యకి వెంటనే అర్థం కాలేదు. "నీకేల వదినా? నువ్వు కూకునేది ఎలాగూ ఎడమే గద."

"అక్కడే కూకుంతాను. సక్రం కూడా అక్కడే ఉండాలంతన్నాను."

ఆవిడ లేచి, దేవుడి పటాల కింద ఉన్న రేకుపెట్టె తెరిచి, రుమాల్లో చుట్టిన అట్టముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది. అక్షరాలు తెలియకపోయినా ఫొటో తెలిసింది. పక్కనే ప్రభుత్వపు ముద్ర. అది డ్రైవింగు లైసెన్సు.

"రెండు నెల్లు బడికెల్లినాను. ఆళ్ల బళ్లన్నిటికీ సక్రం ఎడమకే. మొదట్రోజు ఆ కుర్ర మాస్టరు నన్ను సూసి, మామ్మా, ఎవల్ని దింపడానికొచ్చినావన్నాడు. ఆకర్రోజు ఆడే టీ ఇప్పించినాడు."

సింహాచలమ్మ నోరు తెరుచుకుని లైసెన్సు లాక్కుంది. యర్రయ్య చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. రంగూన్‌లో పాతకార్లు బాగుచేసే ఇలాంటి మగాళ్లకి తట్టని ప్రశ్న ఒకటుంది. కారెవరిదని అడుగుతారు, ఏం మార్చాలని అడుగుతారు, నడిపేదెవరని అడగరు. ఆడమనిషి చోటు ఎడమ సీటని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, పుట్టుకతోనే తెలుసు. యర్రయ్యా అడగలేదు.

"అలగైతే నాను పక్కన కూకుంతాను వదినా," అన్నాడు చివరికి. "నువ్వు కుడిపక్కే నడుపు. ఎక్కడికెల్లాలంతే అక్కడికొస్తాను. బండి కొయ్యక్కర్నేకుండా పోద్ది."

"మింగళాడోన్‌ల మా అక్క మంచం మీదుంది. దాన్ని సూడాలంతే పిల్లడి సెలవు సూడాల, గుమస్తా తీరుబడి సూడాల, ఇప్పుడు నీ సావకాశం కూడా సూడాలన్నమాట. మీ అన్న పోయి పదకొండు నెల్లయింది. బండెన్నిసార్లు కదిలిందో తెలుసా? నాలుగు." ఆవిడ గొంతు పెంచలేదు. "నలబయ్యేళ్లు నాను మాటాడింది రెండే ముక్కలు యర్రయ్యా. ఎల్లు, ఆగు. ఒకపాలి ఆగమంతే ఆగకుండా ఎల్లి ఎద్దుబండిని గుద్దినాడు. ఇంటికొచ్చి, నువ్వు సరిగ్గా సెప్పనేదన్నాడు. సరిగ్గా దాటినప్పుడు మాత్రం నలుగుర్లో సబాసు ఆయనకే. సూసింది నాను, నడిపింది ఆయన."

"అన్న సెడ్డోడు కాదు వదినా."

"సెడ్డోడని నానన్నానా? బంగారం. ఆయన నేకపోతే నాకూ ఏటీ తోచట్నేదు. ఐనా బండి నడపాలని ఉంది. రెండూ నిజమే." ఆవిడకి నవ్వొచ్చింది. "మీ పుస్తకాల్లో ఒక పేజీ ఉంది. ఆడమనిసి నెత్తికి టోపీ బిగించుకుంతంది. ఆ కొండ మీద పందేనికే. ఆ పేజీ మీరు ఎప్పుడైనా సదివినారా?"

యర్రయ్యకి ఆ పేజీ బాగా గుర్తుంది. అక్కడికి రాగానే చంద్రరావు బొటనవేలు తడిచేసుకుని, ఇది మనకెందుకులే అని తిప్పేసేవాడు. ఏటేటా తిప్పేసేవాడు. పక్కనున్న తనూ ఒక్కసారైనా ఆపమనలేదు. ఈ సంగతి ఇంతకాలానికి తలుచుకుంటే సిగ్గేసింది.

"నానూ సూసినాను ఆ బొమ్మ," అంది సింహాచలమ్మ, లైసెన్సు తిరిగిచ్చేస్తూ. "ఉప్మా గిన్నెలు తియ్యడానికొచ్చినప్పుడు. బలేగుంతాది."

తిరుగు బస్సులో యర్రయ్య వచ్చే పోయే కార్లని చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి, "రెండు నెల్లు బడికెల్లిందట," అన్నాడు.

"ఇన్నాను," అంది సింహాచలమ్మ.

*

బుధవారం పొద్దున ఆరింటికే కరెంటు వచ్చింది. యర్రయ్య సుద్దగీత ఒక్కసారే గీశాడు. సింహాచలమ్మ పకోడీ పిండి మానేసి టార్చి పట్టుకుంది. కోత మిషను రేకుకి తగలగానే నిప్పురవ్వలు చిమ్మాయి, కాలిన పెయింటు కంపు లేచింది. గుండె కోసినట్టుంటుందనుకున్నాడు యర్రయ్య. అలా ఏమీ లేదు. మంచి రేకు, మందంగా ఉంది, ఎక్కడా తుప్పు లేదు. ఆ కాలం వాళ్లు పని బాగా చేశారని మెచ్చుకున్నాడు. అరచేతంత గుండ్రటి ముక్క కింద పడితే, దాన్నే తీసుకెళ్లి కుడిపక్క పాత కన్నానికి అతుకు వేశాడు.

గురువారం పెడళ్లు కూర్చాడు. శ్యామలాదేవి పొట్టి మనిషని, బ్రేకు పెడలు కడ్డీ రెండుసార్లు వంచి చూశాడు. కాలు అందుతుందో లేదోనని సింహాచలమ్మని కూర్చోబెట్టాడు.

"తొక్కు."

"ఇదేటి?"

"క్లచ్చి. ఇది తొక్కి గేరు మార్చాల."

ఆవిడ తొక్కింది. గేరు కడ్డీ అటూ ఇటూ కదిపింది. పకోడీలకి ఎవరో వచ్చి పిలుస్తున్నా వెంటనే దిగలేదు. యర్రయ్య కూడా దిగమనలేదు.

శుక్రవారమంతా స్టీరింగు బిగించడం, కడ్డీలు కలపడం, బ్రేకు గొట్టాల్లోంచి గాలి తియ్యడం. శనివారం డాష్‌బోర్డు అడ్డంగా కోసి అటుదిటు చేసి అతికాడు. అతుకు కనబడుతూనే ఉంది. వైపర్లు మార్చడానికి మాత్రం టైము చాల్లేదు. అవింకా కుడివైపు అద్దాన్నే బాగా తుడుస్తాయి. వచ్చే వారం చేస్తానన్నాడు. సాయంత్రం సందులో నాలుగుసార్లు తనే తిప్పి చూశాడు. ఈ కారుని ఎడమ నుంచి నడపడం అలవాటు లేక రెండుసార్లు గోడకి రాసుకోబోయాడు.

*

ఆదివారం ఏడింటికి శ్యామలాదేవి బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. బర్మా ఆడవాళ్లలా లుంగీ మీద జాకెట్టు, జడ ముడి, కాళ్లకి పట్టీ చెప్పులు. కారు చుట్టూ తిరిగి, అతుకులన్నీ వేలితో తడిమి, "బాగా సేసినావు," అని ఎడమ తలుపు తీసుకుని కూర్చుంది. ఇంతకాలం కూర్చున్న సీటే కదా, సర్దుకోవలసిన పని లేకపోయింది.

సింహాచలమ్మ ఎవరూ పిలవకుండానే వెనక ఎక్కింది. యర్రయ్య కుడివైపు కూర్చున్నాడు. ఎదర చక్రం లేదు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. పందెం వేళ టొరానా ఇంజను స్టార్టవడం ఇదే మొదలు.

వంతెన దాకా ఆవిడ నెమ్మదిగా వెళ్లింది. వంతెన దిగాక కాస్త వేగం పెంచింది. ప్రతి మలుపులోనూ యర్రయ్య కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది.

"కాలు తియ్యి యర్రయ్యా. అక్కడ బ్రేకు నేదు."

"అలవాటొదినా."

"మానుకో."

వెనక సింహాచలమ్మ కిసుక్కున నవ్వింది. మింగళాడోన్ రోడ్డుకి వచ్చేసరికి ఎండ ఎక్కింది, రద్దీ పెరిగింది. ముందర ఒక పెద్ద బస్సు అడ్డం పడింది. ఆగి ఆగి, పొగ వదులుతూ, నత్తలా పోతోంది. యర్రయ్యకి దాని వీపు, దాని మీద సబ్బు ప్రకటన తప్ప ఏమీ కనబడలేదు. మెడ ఎంత చాపినా కనబడలేదు. ఎవరో ఒకరు చూసి చెబితే తప్ప ఈ సీట్లో మనిషి గుడ్డివాడేనని అతనికి తెలియనిది కాదు. కానీ చేతిలో చక్రం లేకుండా అక్కడ కూర్చుంటే అది ఒంటికి తెలిసింది. చంద్రరావు నలభయ్యేళ్లు ఇంత చీకట్లో ఇంత ధైర్యంగా ఎలా వెళ్లాడో, ఎవరి కన్ను మీద వెళ్లాడో తెలిసింది. ఇంజను గొంతు మారింది. బస్సు పక్కకి జరిగినట్టయింది. యర్రయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కాళీయేనా వదినా?" అన్నాడు కంగారుగా.

శ్యామలాదేవి రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఎనక్కి సూడు."

యర్రయ్య వెనక్కి తిరిగాడు. సింహాచలమ్మ తల మీదుగా, వెనక అద్దంలోంచి, బస్సు మొహం కనబడింది. అప్పటికే చాలా దూరంలో ఉంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే దాటేసింది ఆవిడ.

"సబాసు వదినా," అన్నాడు.

శ్యామలాదేవి మొహం ఒక్క క్షణం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. అంతలోనే సర్దుకుని గేరు మార్చింది.

"సాల్లే, మాటాడకు. ముందర ఇంకో బస్సుంది."